నిలబడి సెప్తే తంతారు

కుప్పంలో మా ఆసుపత్రి కొత్త హాల్లో వేసిన కుర్చీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఒక్కో కమ్మీకి మూడేసి స్టీలు కుర్చీలు తగిలించి, ఆ కమ్మీని నేలకు బోల్టులతో బిగించారు. ఫ్యాను ఒకచోట, కుర్చీ ఇంకోచోట. పొద్దునపూట ఎండ కిటికీలోంచి నేరుగా వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. కుర్చీని మూరెడు జరుపుకుందామంటే కుదరదు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే మెడ తిప్పి తిప్పి పట్టేస్తుంది. నడుంనొప్పితో వచ్చినవాడు మెడనొప్పిని కూడా ఇంటికి తీసుకుపోతాడు. మెయింటెనెన్సు మనిషిని అడిగాను, వీటిని ఇట్లా ఎందుకు బిగించారని.

"ఇసురుతారని సార్," అన్నాడు. దోమలు వస్తాయని కిటికీలు మూశాం అన్నంత మామూలుగా.

ఆ మాటకు మా పెద్ద డాక్టరు గుర్తొచ్చాడు. ఆయన మీద పడ్డవి ప్లాస్టిక్ కుర్చీలు. తేలిక. అందుకే చాలా రోజులు బతికాడు.

మా ట్రస్టుకు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మూడు ఆసుపత్రులు ఉన్నాయి. మూడింటికీ మత్తిచ్చేది నేనే. రోగుల్ని పడుకోబెట్టడం నా పని, డాక్టర్లను పడుకోబెట్టడం ఆయన పని. పేరుకు ఆయన జనరల్ ఫిజీషియన్. గది బయట బోర్డు మీద మాత్రం 'వైద్య నాణ్యత, సిబ్బంది సంక్షేమం' అని ఉండేది. ఆ పదవి ఎవరూ అడగనిది కాబట్టి యాజమాన్యం అడగకుండానే ఆయనకు ఇచ్చింది. అందరూ ఆయన్ని పెద్ద డాక్టరు అనేవాళ్ళు. మనిషి పొట్టి. కోటు మోకాళ్ళ కిందికి వచ్చేది.

ఎదురుపడిన డాక్టర్ని ఆయన మూడు ప్రశ్నలు అడిగేవాడు. గుడ్ మార్నింగులు ఉండేవి కావు.

"తిన్యావా? పడుకున్యావా? ఎవుర్నన్నా సంపినావా?"

మూడూ ఒకే గొంతుతో, ఒకే వేగంతో అడిగేవాడు. కొత్తగా చేరిన పిల్లలు మూడో ప్రశ్నకు బిత్తరపోయేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి వాళ్ళే చెప్పడం నేర్చుకునేవాళ్ళు. "ముసలామెకు డోసు ఎక్కువైంది సార్, లేచి కూసుంది గానీ నాకే ఇంకా కాళ్ళు వణకతాండాయి." అప్పుడాయన ఆ పిల్లాణ్ణి శనివారం సంగటికి రమ్మనేవాడు.

శనివారం మధ్యాహ్నం డాక్టర్లందరూ ఆయన గదిలో రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తినేవాళ్ళు. వారానికో ఊళ్ళో జరిగేది. తింటూ ఆ వారం తాము చేసిన తప్పు చెప్పాలి. ఎవరూ 'నువ్వెందుకు చేశావ్' అనకూడదు. నోట్లో సంగటి ఉంటే ఎటూ తిట్టలేరని ఆయన లెక్క. "సంగటిని నమలగూడదు, మింగల్ల. తప్పును మింగగూడదు, నమలల్ల," అనేవాడు. ఒకేలా కనిపించే రెండు మందుసీసాలను మేం పక్కపక్కనే పెడుతున్నామని ఆ సంగటి దగ్గరే తేలింది. మర్నాడు వాటికి రెండు బీరువాలు వచ్చాయి. ఆ తర్వాత ఎంతమంది బతికారో తెలియదు. బతికినవాళ్ళు వచ్చి చెప్పరు గదా.

ఇదంతా చదివి ఆయన శాంతమూర్తి అనుకుంటే తప్పు. రెండు రోజులు వరసగా డ్యూటీ చేసి నిలువునా తూలుతున్న ఒక పిల్లాడికి, వేలిముద్ర పడలేదు కాబట్టి నువ్వు రానట్టే అని ఆఫీసు మెమో ఇచ్చింది. పెద్ద డాక్టరు ఆ మెమో చదివి, ఆక్సిజన్ సిలిండరు విప్పే పానా చేతికి తీసుకుని, కింది అంతస్తుకు వెళ్ళి హాజరు మెషీను మీద నాలుగు దెబ్బలు వేశాడు. తర్వాత పానాను తుడిచి, దాని చోట దాన్ని పెట్టాడు. ఆ మెషీను మరెవరి వేలినీ గుర్తుపట్టలేదు.

చావు కబురు విషయంలో ఆయనకొక పద్ధతి ఉండేది. కబురు ఆయాతోనూ వాచ్‌మన్‌తోనూ పంపకూడదు. డాక్టరే చెప్పాలి. ముందు ఆ డాక్టరు నాలుగు బిస్కెట్లన్నా తినాలి. తర్వాత రెండు కుర్చీలు పట్టుకుపోయి, ఎదురెదురుగా వేసి, కూర్చుని, కూర్చోబెట్టి చెప్పాలి. "నిలబడి సెప్తే తంతారు. కూసోని సెప్తే ఏడుస్తారు," అనేవాడు. ఈ సూత్రానికి మినహాయింపులు ఉన్నాయి. కుర్చీ చేతికి అందేంత దగ్గర్లో ఉండటం వాటిలో ఒకటి.

అందుకని గది దాటే ముందు కళ్ళద్దాలు తీసి సొరుగులో పెట్టేవాడు. ఎప్పుడో ఎవరికో పగిలిన అద్దం కంట్లో గుచ్చుకోవడం చూశాడట. పెద్ద డాక్టరు అద్దాలు తీశాడంటే నర్సులు తలుపులకు గడియలు చూసుకునేవాళ్ళు.

నర్సులకు తెలిసింది రోగుల బంధువులకు తెలియకుండా ఉంటుందా? పుంగనూరులో ఒక ముసలామె ఆయాసంతో వచ్చింది. ఆమె మూతికి ఆవిరి పెడుతుంటే ఈయన అద్దాలకు మసక పట్టింది. తీసి కోటుకు తుడుచుకున్నాడు. అంతే. అంతకుముందు ఏడాది తమ్ముణ్ణి అక్కడే పోగొట్టుకున్న ఆమె అల్లుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "పాయె! మా యత్త పాయె!" అని ఒక్క కేక పెట్టి, సెలైన్ స్టాండు ఎత్తి కాంపౌండరు భుజం మీద వేశాడు. బయటి వాళ్ళు లోపలికి వచ్చారు. అద్దాల తలుపు పోయింది. మందుల బండి బోర్లా పడింది. పెద్ద డాక్టరు గొంతు ఎవడో పట్టుకుని గోడకు అదిమాడు. అప్పుడు మంచం మీంచి ముసలామె మాస్కు లాగేసి అరిచింది.

"ఒరేయ్ నా బట్టా! నేను బతికే ఉండాను రా! ఆయప్పను ఇడిసి నాకు గాలి పెట్టనీ రా!"

ఆ అరుపుతో ఆమెకు ఆయాసం తగ్గిందని మాకు నిర్ధారణ అయింది. అల్లుడు స్టాండును నిలబెట్టి, సెలైన్ సీసాను మళ్ళీ దానికే తగిలించాడు. కాంపౌండరు భుజం మాత్రం నెల రోజులు పట్టింది. ఆ శనివారం సంగటి దగ్గర పెద్ద డాక్టరు తన తప్పు చెప్పుకున్నాడు. "నా అద్దాలు నేను యాడ తుడుసుకోవల్లనో సూసుకోలేదు."

రెడ్డెప్ప మా జీవితాల్లోకి వచ్చింది మదనపల్లెలో. గుర్రంకొండ పక్క పల్లె అతనిది. సొంత మినీ లారీలో టమోటా క్రేట్లు మార్కెట్టుకు తోలేవాడు. వాళ్ళ నాయనకు పొద్దున్నే రొమ్ములో నొప్పి మొదలైంది. గ్యాసు అనుకుని సోడా తాగించారు. "వేలంపాట అయిపోనీ నాయనా, పోదాం" అని రెడ్డెప్ప అన్నాడు. నాయన కూడా సరేనన్నాడు. వేలం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఖాళీ క్రేట్ల మధ్య గోనెసంచి మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు.

ఆ పూట డ్యూటీ సునీతది. బైరెడ్డిపల్లె పిల్ల. వాళ్ళమ్మ రాళ్ళు మోసి చదివించింది. ఆ వంశంలో మొదటి డాక్టరు, మా ఆసుపత్రిలో అందరికంటే చిన్న డాక్టరు. ఆమె చేయాల్సినవన్నీ వరస తప్పకుండా చేసింది. పెద్ద డాక్టరూ వచ్చి చేయి వేశాడు. అయినా రెడ్డెప్ప నాయన పోయాడు. బయట క్రేట్లు దించే మనుషులు ఇరవైమంది దాకా గుమిగూడి ఉన్నారు.

మా వృత్తిలో ఇలాంటప్పుడు ఒక ఆచారం ఉంది. పోయిన మనిషికి ఆక్సిజన్ మాస్కు పెట్టి, 'పరిస్థితి విషమం' అని రాసి, అంబులెన్సు ఎక్కించి తిరుపతి పంపేస్తారు. దారిలో పోయినట్టు లెక్క. దారికి అద్దాల తలుపులు ఉండవు. నేను ఆ మాటే మెల్లగా ఎత్తాను.

పెద్ద డాక్టరు నా వైపు చూశాడు. "సచ్చినాయన్ని తిరుపతికి పంపిస్తావా? స్వామి దర్శనానికా?"

సునీత కబురు చెప్పడానికి లేచింది. ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. "తిన్యావా?" తినలేదు. బిస్కెట్ ప్యాకెట్టు ఆమె చేతిలో పెట్టి, అద్దాలు సొరుగులో పెట్టి, రెండు కుర్చీలు పట్టుకుని బయటికి పోయాడు.

రెడ్డెప్ప కూర్చున్నాడు. విన్నాడు. అరవలేదు. సూత్రం పనిచేస్తున్నట్టే కనిపించింది. తర్వాత అడిగాడు.

"గుండెనొప్పి అని మీకు ఎప్పుడు తెలిసె?"

"తెచ్చిన వెంటనే తెలిసెప్పా."

"మందులుండాయి గదా?"

"ఉండాయి. అన్నీ ఇస్తిమి."

"మరి యాల సచ్చినాడు?"

"పొద్దున్నే తెచ్చింటే బతికుండేవాడప్పా," అన్నాడు పెద్ద డాక్టరు.

నిజమే. రెడ్డెప్ప లేచాడు. తాను కూర్చున్న కుర్చీని కాలు పట్టి ఎత్తి ఆయన ముఖం మీద కొట్టాడు. కుర్చీ విరిగింది. విరిగిన కాలితో మళ్ళీ కొట్టాడు. ఆయన కింద పడ్డాక మిగిలినవాళ్ళు కాళ్ళతో మొదలుపెట్టారు. తన్నేవాళ్ళలో సగం మందికి తాము తన్నేది ఎవరినో తెలియదు. కోటు కనిపించింది, తన్నారు. సునీత బిస్కెట్ చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆయన మీద పడింది. ఎవడో జడ పట్టి లాగి గోడకేసి కొట్టాడు. ఆ పిల్ల ముంజేయి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మేం ఆ చప్పుడు విని గుర్తుపట్టగలం, చదువుకున్నాం కాబట్టి. నాకు రెండు దెబ్బలు తగిలాయి. అందులో ఒకటి మా సెక్యూరిటీ గార్డుది. నన్ను కాపాడబోయానని ఇప్పటికీ అంటాడు.

పోలీసులు వచ్చేసరికి హాల్లో నిలబడి ఉన్న వస్తువు గోడ గడియారం ఒక్కటే. పెద్ద డాక్టరు ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. అది తర్వాత తెరుచుకుంది గానీ చూపు రాలేదు. కళ్ళద్దాలు మాత్రం సొరుగులో భద్రంగా ఉన్నాయి.

రెడ్డెప్ప నాయన దినాలకు ఆయన వెళ్ళాడు. కారు నేను తోలాను. వద్దని చాలా చెప్పాను, వినలేదు. కంటికి కట్టుతో దిగిన ఆయన్ని పందిట్లో అందరూ చూశారు. ఒకరిద్దరు లేచి వెనకవైపు వెళ్ళారు, చేతులు కడుక్కోవడానికి కాదనుకుంటా. ఆయన పోయి విస్తరి ముందు కూర్చున్నాడు. రెడ్డెప్పే వచ్చి వడ్డించాడు.

"కేసు యెనక్కి తీసుకునేకి వస్తివా సార్?"

"లేదు. కన్ను పోయింది నాది. చెయ్యి ఇరిగింది ఆ పిల్లది. కేసు కేసే, కూడు కూడే. ఇంకొంచెం చారు పొయ్యి."

"మరి యాల వస్తివి?"

"మీ నాయన ఎట్ల పోయినాడో ఆపొద్దు సగమే సెప్తిని. నువ్వు కుర్చీ ఎత్తితివి. మిగతా సగం సెప్పేకి వస్తి."

రెడ్డెప్ప చారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "కూసో," అన్నాడు పెద్ద డాక్టరు. అతను కూర్చున్నాడు.

"ఆఖర్న నొప్పి లేదప్పా మీ నాయనకు. మందు ఇస్తిమి. సునీత చెయ్యి పట్టుకోని, టమోటా ఏం రేటు పలికిందమ్మా అని అడిగినాడు. ఆ పిల్లకేం తెలుసు? బాగనే పలికింది తాతా అనె. సరే అని కండ్లు మూసుకున్యాడు." చారు కలుపుకుంటూ, "పొద్దున్నే తెచ్చింటే అని నేను అనగూడదు. నిజమే. అయినా ఆపొద్దు దాంతో నీకేం పని," అన్నాడు.

రెడ్డెప్ప ఏడ్చాడు. పెద్ద డాక్టరు తినడం ఆపలేదు. తిరిగి వస్తుంటే కార్లో నాతో, "ఊరిబిండి మనదానికంటే బాగుండె," అన్నాడు.

ఒంటి కంటితో ఆయనకు దూరాలు అంచనాకు దొరికేవి కావు. రెండు గేట్లు, ఒక మేక అయ్యాక కారు తోలడం మానేశాడు. ఆ తర్వాత కోర్టు వాయిదాలకు రెడ్డెప్ప లారీలోనే వెళ్ళేవాడు. ఎలాగూ ఇద్దరూ వెళ్ళాల్సింది అక్కడికే. ఫిర్యాదుదారు, ముద్దాయి ఒకే బండి దిగడం చూసి ఇద్దరి వకీళ్ళకూ మనశ్శాంతి ఉండేది కాదు. దారిలో రెడ్డెప్పను కూడా మూడు ప్రశ్నలు అడిగేవాడట. మూడోది మాత్రం, "ఎవుర్నన్నా తన్నినావా?"

సునీత ఉద్యోగం మానేసింది. చేతిలో ప్లేటు వేయించుకుని బైరెడ్డిపల్లెలో ఇంట్లో కూర్చుంది. కుప్పం పోయేటప్పుడల్లా పెద్ద డాక్టరు అక్కడ ఆగేవాడు. మొదటిసారి వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలేసింది.

"రాళ్ళు మోసి చదివిస్తిని సార్. దీనికా? జడ పట్టుకోని కొట్టించుకునేకా? రాళ్ళన్నా నయం, వాటంతట అవి లేసి కొట్టవు."

"నిజమే తల్లీ. కాఫీ ఉంటే పొయ్యి," అన్నాడాయన.

రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. కాఫీ తాగి, సునీతను రెండు ప్రశ్నలు అడిగేవాడు. తిన్యావా. పడుకున్యావా. తింటున్నానని చెప్పేది. పడుకుంటున్నానని చెప్పేది కాదు. సరే అని లేచి వచ్చేసేవాడు. చింతచెట్లు చిగురు వేసే కాలానికి ఒకరోజు ఆ పిల్లే అడిగింది. "మూడోది అడగరేం సార్?"

"నువ్వు ఇంట్లో ఉండావు గదమ్మా. ఎవుర్ని సంపుతావు?"

తర్వాతి వారం కుప్పంలో చేరింది. బీపీ పట్టీ చుట్టేటప్పుడు విరిగిన ఎడమ చేతిని ఇప్పటికీ కొంచెం మెలి తిప్పుతుంది.

పోయిన ఎండాకాలం ఆయన పోయాడు. కుప్పంలోనే. ఆ రోజు శనివారం. డ్యూటీ కుర్రాడు రాత్రంతా ఆపరేషన్లలో ఉన్నాడని ఆయన వాణ్ణి బలవంతంగా గదిలోకి తోసి, బయట గడియ పెట్టి, వాడి ఓపీ తాను చూశాడు. పొద్దున్నించీ ఎడమ చేయి రుద్దుకుంటున్నాడు. నర్సు అడిగితే గ్యాసు అన్నాడు. సోడా తెప్పించుకున్నాడు. మేమందరం చూశాం. నేను రెండు కేసుల మధ్య వచ్చి, "ఏం సార్, చెయ్యి?" అన్నాను. "తిన్యావా?" అన్నాడు. తినలేదన్నాను. బిస్కెట్లు ఇచ్చాడు. తిని థియేటర్లోకి వెళ్ళాను.

మధ్యాహ్నం సంగటి గిన్నె ముందు పక్కకు ఒరిగిపోయాడు. నేను గొంతులో గొట్టం వేశాను. సునీత రొమ్ము మీద అదిమింది. పక్కటెముకలు విరిగాయి. ఆ చప్పుడూ గుర్తుపట్టాం. ఆమె ఆపలేదు. నేను ఆపమన్నా ఆపలేదు. గడియ పెట్టిన గదిలో కుర్రాడు కేకలు విని తలుపు బాదుతున్నాడు. వాడికి తలుపు తీయాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు మదనపల్లె నుంచి యాజమాన్యం ఫోన్ చేసింది. డ్యూటీలో పోయాడంటే పని ఒత్తిడి, అదీ ఇదీ అని పేపర్లలో రాస్తారట. ఆయన భార్య కూడా బయల్దేరి వస్తోందట. మాస్కు పెట్టి బెంగళూరు పంపేస్తే దారిలో... నేను ఫోను సునీతకు ఇచ్చాను. ఆమె అంతా విన్నది.

"బెంగళూరులో ఎవురి దర్శనం సార్?" అని పెట్టేసింది.

ఆయన భార్య వచ్చేసరికి పొద్దు వాలింది. సునీత నాలుగు బిస్కెట్లు తిని వెళ్ళింది. ఎదురెదురుగా కూర్చోవడానికి కుర్చీలు కదలలేదు. ఆ హాల్లో అప్పటికే బోల్టులు బిగించేశారు. సునీత నేల మీద కూర్చుంది. ఆయన భార్య కూడా కొంగు సర్దుకుని ఎదురుగా నేల మీదే కూర్చుంది. సునీత చెప్పింది. ఆ హాల్లో ఒక మనిషి ఏడవడం తప్ప ఏమీ జరగలేదు.

శవాన్ని ఆయన సొంత ఊరికి, గుర్రంకొండ వైపే, తీసుకుపోయాం. డాక్టర్లందరం మూడు ఊళ్ళ నుంచీ వచ్చాం. కోట్లు లేకుండా ఒక పక్కన నిలబడ్డాం. నలిగిన చొక్కాలు, నిద్రలేని ముఖాలు. రెడ్డెప్ప లారీ పూల దండలు, చితికి కట్టెలు వేసుకుని వచ్చింది. అతను దిగి, ముఖం చూసి, ఎడమ కంటి మీద పడిన గంధం వేలితో తుడిచాడు. కేసు ఇంకా కోర్టులోనే ఉంది. తర్వాత మా దగ్గరికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"పొద్దున్నించి నొప్పి అంట గదా?"

"అవును," అన్నాను.

"సోడా తాగినాడంట గదా?"

"తాగాడు."

"మీరందురూ ఆడనే ఉండారు గదా?"

"ఉన్నాం."

"అందురూ డాక్టర్లే గదా?"

నా పక్కన సునీత చేతి గాజు సరిచేసుకుంటోంది. రెడ్డెప్ప మమ్మల్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చాడు. సంతలో క్రేట్లు చూసినట్టు, తొందర లేకుండా చూశాడు.

"మా నాయన సచ్చిపోతే నేను ఈయన్ని తంతిని," అన్నాడు. "ఇప్పుడు ఈయన సచ్చిపోయినాడు. మీలో ఎవుర్ని తన్నల్లో సెప్పండప్పా."